పోసిన చేయి, పలికిన నోరు

తస్‌బులక్ అనే కజఖ్ పల్లెలోని కాథలిక్ గుడిలో ఆదివారం పూజ అయ్యాక జరిగే సత్యోపదేశం తరగతిని ఊళ్లో అందరూ "ముసలిపిల్లల బడి" అనేవారు. ఆ పేరు పెట్టింది గుడి గడప తొక్కని కజఖ్ దుకాణందారు యెర్మెక్. కానీ గుడికి వచ్చేవాళ్లకే అది ఎక్కువ నచ్చింది. పాలపళ్లు ఊడుతున్న పిల్లలూ, ట్రాక్టరు తోలేవాళ్లూ, పళ్లన్నీ ఊడిన ముసలమ్మలూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పాఠం వినేవారు. పట్టణాల్లో అయితే వయసును బట్టి తరగతులు ఉంటాయట. ఇక్కడ అలా విడదీసే పని లేదు, ఎందుకంటే ఎవరికీ ఏమీ రాదు. సోవియట్ల రోజుల్లో పాఠం చెప్పేవాడు లేడు. చెప్పినవాడు ఉంటే వాడు మళ్లీ కనపడలేదు. ఆ గుడి కూడా మొన్నమొన్నటిదాకా సామూహిక వ్యవసాయ క్షేత్రం వాళ్ల భోజనశాల. పొయ్యి రాజేస్తే చాలు, గోడలు ఇప్పటికీ ఉడికిన క్యాబేజీ వాసన వేసేవి.

పాఠం చెప్పే ఫాదర్ కజిమిర్ పోలండు నుంచి వచ్చిన కుర్రగురువు. ఆరూళ్లకు ఆయనొక్కడే. ఆయన రష్యన్ మాటను ముసలమ్మలు దిద్దేవారు, ముసలమ్మల విశ్వాసాన్ని ఆయన దిద్దేవాడు. రెండు పక్షాలకూ నష్టం లేకుండా బండి నడుస్తోంది.

ఈస్టరు ముందు ఉపవాసాల కాలం ఇంకా మొదలుకాలేదు. బయట మంచు కిటికీల నడుముదాకా పేరుకుంది. ఆ ఆదివారం ఫాదర్ సంచీలోంచి ఒక రబ్బరు బొమ్మను తీసి ఎత్తి చూపించాడు.

"ఈ పాప చావుబతుకుల్లో ఉంది."

"దానికి రోగమేం లేదు ఫాదర్, ఒంటిమీద గుడ్డలు లేవంతే," అన్నాడు వెనక బెంచీలోంచి ట్రాక్టరు డ్రైవరు విక్తర్. అందరూ గొల్లుమన్నారు.

"నవ్వండి, నవ్వండి. మంచు తుఫాను లేచి దారి మూసుకుపోతే నేను ఏ ఊళ్లోనో ఇరుక్కుంటాను. పసిబిడ్డ ప్రాణం నాకోసం ఆగుతుందా? అలాంటప్పుడు మీలో ఎవరైనా సరే జ్ఞానస్నానం ఇవ్వచ్చు. ఇవ్వాలి. ఆ పని ఇవాళ అందరూ నేర్చుకోవాలి, మామ్మల దగ్గర్నుంచి మనవలదాకా. ఇందులో మనందరికంటే చెయ్యి తిరిగినావిడ ఇక్కడే ఉన్నారు. క్లెమెంటీన మామ్మగారూ, ఒకసారి ఇలా వస్తారా?"

రెండో బెంచీలో యూలియానా పక్కకు తిరిగి, "పో, పో, బిషప్పమ్మా, పిలుపొచ్చింది," అని గొణిగింది. క్లెమెంటీనకు వినపడింది. వినపడాలనే అంది. ముప్పై ఏళ్లుగా ఆ పేరుతోనే పొడుస్తోంది.

ఆ పొడుపు వెనక ఒక కథ ఉంది. ఇద్దరూ నల్లసముద్రం పక్క జర్మను ఊళ్లలో పుట్టినవాళ్లే. యుద్ధంలో పశువుల రైలుపెట్టెల్లో వాళ్లను ఎక్కించి తెచ్చి ఈ మైదానంలో దింపేశారు. నెలనెలా తమ మీద నిఘాకు పెట్టిన కమాండెంటు ముందు వేలిముద్ర వేయాలి. గురువు లేడు, గుడి లేదు. పిల్లలు మాత్రం పుడుతూనే ఉన్నారు, చస్తూనే ఉన్నారు. జ్ఞానస్నానం ఇచ్చినట్టు తెలిస్తే శిక్ష తప్పదు. సరే, ఎవరైనా పట్టుకుని అడిగితే? అబద్ధం చెప్పడం పాపం. చెప్పకపోతే జైలు. దానికి ఆ ఆడవాళ్లే ఒక ఉపాయం పన్నారు. ఒకరు బిడ్డ తల మీద నీళ్లు పోస్తారు, నోరు మెదపరు. ఇంకొకరు గది మూలన నిలబడి మాటలు పలుకుతారు, బిడ్డను ముట్టుకోరు. రేపు కమాండెంటు పిలిచి "నువ్వు జ్ఞానస్నానం ఇచ్చావా?" అంటే, "లేదయ్యా, నేను బిడ్డకు స్నానం చేయించాను" అని ఒకతె, "లేదయ్యా, నా ప్రార్థన నేను చేసుకున్నాను" అని ఇంకొకతె అబద్ధమాడకుండానే చెప్పొచ్చు. పామూ చావదు, కర్రా విరగదు.

తండ్రి గుడిలో గంట కొట్టేవాడు కాబట్టి క్లెమెంటీనకు మాటలన్నీ వచ్చు. మంత్రసాని వెనక తిరిగింది కాబట్టి యూలియానా చేయి వణకదు. అలా నోరు ఒకరిదీ, చేయి ఒకరిదీ అయింది. ఊళ్లో పుట్టిన ప్రతి కాథలిక్ బిడ్డ మీదా నీళ్లు పోసింది యూలియానాయే. తన ఆగ్నెస్ మీద కూడా. ఆగ్నెస్ కొన్ని వారాలే బతికింది. దగ్గుతో మొదలై, పాలు మానేసి, మంచు కరగక ముందే పోయింది. ఆ తరువాత యూలియానా కడుపు పండలేదు. భర్త బల్తజార్ కూడా పోయాడు. ఇన్నేళ్లలో ఆమెను నిలబెట్టింది ఒక్కటే: నా బిడ్డను నేను ఉత్తచేతులతో పంపలేదు, నీళ్లు పోసి దేవుడి దగ్గరికే పంపాను. ఎప్పుడైనా గుండె బరువెక్కితే ఆ ఒక్క మాట తీసి చూసుకునేది, మళ్లీ లోపల పెట్టుకునేది.

తరువాత ఒక ఏడాది, ఉన్నట్టుండి క్లెమెంటీన ఆమెను పిలవడం మానేసింది. నీళ్లూ తనే పోసింది, మాటలూ తనే పలికింది. ఎందుకని అడిగితే, "ఒక్కదాన్ని చాల్లే," అంది. పేరంతా తనకే రావాలని ఆశ, అనుకుంది యూలియానా. ఊరు కూడా "క్లెమెంటీన మామ్మ చేతి మీద పెరిగాం" అనడం మొదలుపెట్టింది. ఆ మంట అప్పటినుంచీ చల్లారలేదు.

ఇప్పుడు క్లెమెంటీన ముందుకు వెళ్లి బొమ్మను ఎడమచేతి మీదికి తీసుకుంది. కూజా వంచి మూడుసార్లు నీళ్లు పోస్తూ, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను" అని పలికింది. ఎక్కడా తడబడలేదు.

"చూశారా?" అన్నాడు ఫాదర్. "పోసిన చెయ్యీ ఆవిడదే, పలికిన నోరూ ఆవిడదే. ఇది గుర్తుపెట్టుకోండి. ఒకరు నీళ్లు పోసి, వేరొకరు మాటలు చెప్తే అది జ్ఞానస్నానం కాదు."

"అస్సలు కాదా? కొంచెం కూడానా?" అన్నాడు విక్తర్.

"ఒక కాలు రికాబులో పెట్టి రెండో కాలు నేల మీద ఉంచితే గుర్రం ఎక్కినట్టా? ఎంత భక్తితో చేసినా సరే, చెల్లదు."

పిల్లలు నవ్వారు. తరువాత ఒక్కొక్కరే వచ్చి బొమ్మ తల తడిపారు. యూలియానా వంతు వచ్చినప్పుడు కాళ్లు నొప్పులని కూర్చునే ఉండిపోయింది. ఆమె క్లెమెంటీన మొహం వైపే చూస్తోంది. ఆ మొహంలో ఆశ్చర్యం లేదు. తెలియని మాట విన్న మొహం కాదది.

తరగతి అయ్యాక యూలియానా ఇంటికి వెళ్లలేదు. ఉన్నిబూట్లతోనే క్లెమెంటీన వంటింట్లోకి దూసుకుపోయింది.

"నీకు తెలుసు," అంది.

"బూట్లు విప్పు. నేలంతా మంచు చేస్తున్నావ్."

"నీకు తెలుసే! బొమ్మను పట్టుకున్నప్పుడు నీ మొహం చూశాను. ఎప్పట్నుంచి తెలుసు?"

క్లెమెంటీన పొయ్యిలో బొగ్గు వేసి, మూత పెట్టి, చేతులు తుడుచుకుని అప్పుడు కూర్చుంది. ఆలస్యం చేయడానికి ఆమె దగ్గర ఇంకే పనీ మిగల్లేదు.

"పొయ్యిలు బాగుచేసేవాడొకడు వచ్చాడు, గుర్తుందా? మా ఇంట్లో రెండ్రోజులున్నాడు."

"ఆ బక్కోడు. మా పొయ్యి బాగుచేసి ఇంకా పొగ వచ్చేలా చేశాడు."

"పొయ్యి పని వాడికేం తెలుసు? వాడు గురువు. ఖైదీల శిబిరంలోంచి వదిలేశాక అలా ఊరూరా తిరిగేవాడు. మనం చేసేదంతా చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నా. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఏడ్చేశాడు. అమ్మా, అది చెల్లదమ్మా అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"బతికున్న పిల్లలందరికీ మళ్లీ ఇచ్చేశాను," అంది క్లెమెంటీన, అడిగింది వినపడనట్టు. "ఊరి స్నానశాలలో పని నాదే కదా. శనివారం శనివారం వచ్చేవాళ్లు. తల మీద చెంబు వంచేదాన్ని, పెదాల్లో మాటలు అనుకునేదాన్ని. సబ్బు కళ్లల్లో పడిందని ఏడ్చేవాళ్లు వెధవలు. ఆ విక్తర్ గాడికీ అలాగే ఇచ్చాను. ఒక్కణ్ణీ వదల్లేదు."

"బతికున్నవాళ్లు సరే."

క్లెమెంటీన మళ్లీ పొయ్యి మూత తీయబోయింది.

"నా ఆగ్నెస్ సంగతేంటే?"

"అందుకే చెప్పలేదు," అంది క్లెమెంటీన. "చెప్పి ఏం చెయ్యను? తవ్వి తీసి పొయ్యమంటావా నీళ్లు?"

యూలియానాకు చేతికి అందిన టీ గిన్నె విసిరేయాలనిపించింది. ముప్పై ఏళ్లు ఈ మనిషిని గర్విష్ఠి అనుకుని తిట్టింది. గర్వమైనా బాగుండేది. గర్వానికి ఎదురు తిట్టొచ్చు. ఇప్పుడు ఈమె తనను తిట్టడానికి కూడా ఏమీ లేకుండా చేసింది.

"ఆ కుర్ర ఫాదరు బొమ్మ తేకపోయుంటే నేను హాయిగా చచ్చేదాన్ని," అంది చివరికి.

"చచ్చేదానివి. అదే కోరుకున్నాను రోజూ," అంది క్లెమెంటీన. ఆ మాటలో వెటకారం లేదు. "నీది ఒక్కతే, యూలీ. ఆ శ్మశానంలో నావాళ్లు ఇద్దరున్నారు. పీటర్, యోహాన్. వాళ్ల మీదా నీళ్లు నువ్వే పోశావ్."

యూలియానా లేచి బయటికి వచ్చేసింది. బూట్ల మంచు కరిగి నేల మీద మడుగు కట్టింది. క్లెమెంటీన దాన్ని తుడవలేదు.

రెండు రోజులకు యూలియానా ఫాదర్ దగ్గరికి వెళ్లింది. జీపు కింద పడుకుని ఏదో బిగిస్తున్న ఆయన, ఆమె గొంతు విని బయటికి జరిగాడు. ఆమె అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆయన చేతులకున్న నూనె తుడుచుకోవడం మర్చిపోయాడు.

"నన్ను క్షమించండి మామ్మగారూ," అన్నాడు ముందుగా. "నాకు తెలిసి ఉంటే అలా చెప్పేవాణ్ణి కాను."

"నిజం కాకపోతే చెప్పరు కదా మీరు. నిజమేనా?"

"నియమం నిజం. కానీ దేవుడు నియమానికి బందీ కాడు. మీరు మనసారా కోరుకున్నారు, ప్రాణాలకు తెగించి చేశారు. ఆ కోరికను ఆయన చూడడా?"

"కోరిక చాలితే మరి నీళ్లెందుకు ఫాదర్? ఆ బొమ్మనెందుకు కొనుక్కొచ్చారు?"

ఆయన అప్పుడు గుడ్డ తీసి చేతుల నూనె తుడుచుకున్నాడు. పాపం, మంచివాడు. పెద్ద బడిలో చాలా చదివాడు కానీ ఈ ప్రశ్న అక్కడ ఎవరూ అడిగి ఉండరు.

"ఆశ పెట్టుకోమని చెప్తుంది మన మతం, మన తిరుసభ," అన్నాడు మెల్లగా. "నేనూ ఆశ పెట్టుకున్నాను. నిండుగా పెట్టుకున్నాను."

"మా అమ్మ రైలుపెట్టెలో, చచ్చిపోయే ముందు కూడా నాకు పాఠం చెప్పింది. నీళ్లు పడని బిడ్డకు దేవుడి మొహం కనపడదు అంది. ఆవిడకు బడి లేదు, పుస్తకం లేదు. ఆశ పెట్టుకో అనలేదు. తెలుసు అంది. మీరు కూడా అలా చెప్పగలరా? ఆగ్నెస్ అక్కడే ఉంది, నాకు తెలుసు, అని?"

అబద్ధం చెప్పొచ్చు ఆయన. ఎవరు పట్టుకుంటారు? కానీ ఆయన తల దించుకున్నాడు.

"తెలుసు అని చెప్పలేను మామ్మగారూ. దేవుడి చేతిలో పెట్టాను అని మాత్రం చెప్పగలను."

"మంచిది," అంది యూలియానా. "అబద్ధం చెప్పనందుకు మంచిది." ఆమెకు నిజంగా ఆయన మీద కోపం రాలేదు. కానీ కాళ్లకింద నేల ఉన్నట్టు కూడా అనిపించలేదు. శ్మశానం వైపు దారి మంచులో పూడిపోయి ఉంది. ఆ పక్కకు చూడకుండా ఇంటికి వెళ్లింది. ఆ రాత్రి జపమాల చేతికి తీసుకుంది కానీ ఎవరికోసం చెప్పాలో తెలియక పక్కన పెట్టేసింది.

ఆ తరువాత ఆదివారాలు ఆమె తరగతికి రాలేదు. ఉపవాసాలు మొదలయ్యాయి. కాళ్లు నొప్పులని కబురు పంపేది. ఒకసారి విక్తర్ ట్రాక్టరు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. "మామ్మా, కాళ్లతో పనిలేదు, ఎక్కు. నువ్వు రాకపోతే ఫాదరు మొహం పులిసిన పాలలా అయిపోతోంది." ట్రాక్టరు ఎక్కించుకుని మరీ తీసుకుపోతానంటే కాదనలేక వచ్చింది. పాఠం ఏమిటో ఆమె చెవికి ఎక్కలేదు.

పాఠం తరువాత గుడి వెనక వంటగదిలో టీ తాగడం అలవాటు. పైన వెన్నా చక్కెరా పిండీ కలిపిన పొడి రాల్చి కాల్చిన రొట్టె ముక్కలు కోసి పెట్టారు. పిల్లలు రెండేసి లాక్కుని బయటికి పరుగెత్తారు. క్లెమెంటీన మరుగుతున్న నీళ్ల దగ్గర నిలబడి టీ పోస్తోంది. ఆ రోజునుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

యూలియానా పక్కన ఇర్మా వచ్చి కూర్చుంది. ఇరవై నిండిన పిల్ల. పాల కేంద్రంలో పనిచేస్తుంది. ఎవరూ ఏమీ నేర్పని ఇంట్లో పెరిగి, శీతాకాలం ముందు నుంచే తరగతికి వస్తోంది. ఎందుకొస్తోందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆకులు రాలే కాలంలో ఆమెకు కొడుకు పుట్టాడు, జిల్లా ఆసుపత్రిలో మూడో పూట దాటలేదు.

"మామ్మా, ఒక మాట అడగనా?"

"అడుగు."

"ఆ బొమ్మ పాఠం రోజు నేనూ పోశాను నీళ్లు. చెంచాడు చాలట కదా. ఎవరైనా పొయ్యొచ్చట కదా." ఇర్మా రొట్టెముక్కను తుంచుతోంది, తినడంలేదు. "ఆసుపత్రిలో నా మంచం పక్కనే కూజా ఉంది మామ్మా. చెయ్యి చాపితే అందేది. వాడు నా ఒళ్లోనే ఉన్నాడు. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే పోసేదాన్ని కదా. అంత తేలికని నాకేం తెలుసు?"

యూలియానా తన టీ కప్పు కింద పెట్టింది.

"ఫాదర్‌ని అడిగాను. ఆశ పెట్టుకోమన్నారు. ఆయన మంచివారే, కానీ నాకు ఆశ వద్దు మామ్మా. మీరు పెద్దవాళ్లు, అన్నీ చూసినవాళ్లు. మీకు తెలిసుంటుంది. వాడు ఎక్కడున్నాడు?"

ఆమె చూపు యూలియానా మొహం మీదినుంచి కదల్లేదు. ఏం చెప్తే అది పట్టుకుని పోయేలా ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల. ఇంకా యాభై అరవై ఏళ్లు బతుకుతుంది. రోజూ ఆ కూజా చూస్తూ బతుకుతుంది. యూలియానాకు ఆ ఏళ్లన్నీ ఒక్కసారిగా కనపడ్డాయి, ఎందుకంటే అవి తనవే.

"దేవుడి దగ్గర ఉన్నాడు," అంది.

"ఆశ పెట్టుకోమంటున్నారా మీరూ?"

"ఆశ ఏంటే పిచ్చిమొహమా? తెలుసు అంటున్నాను. నాకు తెలుసు." గొంతు గట్టిగానే వచ్చింది. "నా ఆగ్నెస్ కూడా నీళ్లు పడకుండానే పోయింది. అక్కడే ఉంది. నీవాణ్ణి ఎత్తుకుని ఉంటుంది. దానికి పసిపిల్లలంటే... ఎత్తుకునే ఉంటుంది. తిను ముందు. పాలపని చేసేదానివి, ఎముకలు చూడు ఎలా ఉన్నాయో."

ఇర్మా తల ఆమె భుజం మీద పెట్టి ఏడ్చింది. కాసేపటికి ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకుని, రొట్టె తిన్నది. ఇంకో ముక్క కూడా తీసుకుంది. చాలా రోజుల తరువాత నేల మీద నడుస్తున్నట్టు నడుచుకుంటూ వెళ్లిపోయింది.

యూలియానా కూర్చునే ఉంది. తన జీవితంలో అంత పెద్ద అబద్ధం ఆమె కమాండెంటు ముందు కూడా ఆడలేదు. ఒకవేళ ఆగ్నెస్ పేరు గట్టిగా పలికితే తనకు కూడా నమ్మకం వస్తుందేమోనని లోపల వెతికి చూసింది. అక్కడ ఏమీ లేదు, అమ్మ గొంతు తప్ప.

గది ఖాళీ అయింది. క్లెమెంటీన కప్పులు కడగడం ఆపి, తడిచేతులతోనే వచ్చి ఎదురుగా నిలబడింది. ముప్పై ఏళ్లు రహస్యం మోసిన మనిషి, పొయ్యిలవాడు ఏడ్చినప్పుడు తను ఏడవని మనిషి. ఇప్పుడు గొంతు తగ్గించింది.

"యూలీ," అంది. "ఫాదర్ దగ్గరికి వెళ్లావట కదా. ఆయన నీకేమైనా చెప్పాడా? ఇంకేదైనా తెలిసిందా?"

యూలియానా తల ఎత్తింది.

"ఇందాక ఆ పిల్లతో అన్నావే. నిజంగా తెలుసా నీకు?" క్లెమెంటీన బెంచీ అంచు పట్టుకుంది. "మావాళ్లు కూడానా? పీటర్ కూడా? యోహాన్ కూడానా?"

ముసలిదాని కళ్లల్లో ఇర్మా చూపే ఉంది. అదే ఆకలి, అదే చేయి చాపడం. యూలియానా ఆ చూపుకు ఎదురు నిలబడలేక, తడిసిన ఆ చేతిని పట్టుకుంది.

"తెలుసు," అంది రెండోసారి. "ఇద్దరూ అక్కడే ఉన్నారు."

క్లెమెంటీన కూలబడినట్టు పక్కన కూర్చుని, మెడ చుట్టూ ఉన్న శాలువాను మొహం మీదికి లాక్కుంది. ఆమె భుజాలు కదులుతున్నంతసేపూ యూలియానా వీపు నిమురుతూనే ఉంది. ఇక తను వెళ్లి అడగడానికి ఆ ఊళ్లో ఎవరూ మిగల్లేదు.